నేల వాటం

విజయవాడ, వన్ టౌన్
మే 9

మైలవరంలో గోడలు మాత్రమే కడుతున్న మా మేస్త్రీగారికి,

ఉత్తరం చూసి కంగారు పడకండి. ఎవరికీ ఏమీ కాలేదు. ఫోన్ చేస్తే మీరు "ఆఁ", "ఊఁ", "పని మీదున్నా" అని మూడు ముక్కలు చెప్పి పెట్టేస్తారు. మధ్యలో పెట్టేయడానికి వీల్లేని పద్ధతి నాకు ఇదొక్కటే కనబడింది. మీ ముఠాలో ఇటుకలు మోసే సుబ్బరత్నం శనివారం శనివారం ఇక్కడ కూతురింటికి వస్తుంది కదా, ఆవిడ చేతికే ఇస్తున్నాను. "నాకు చదవడం రాదులేమ్మా, నీ ఇష్టమొచ్చినట్టు రాసుకో" అని నవ్వింది. జవాబు కూడా ఆవిడ చేతికే ఇవ్వండి. రాయకుండా ఊరికే పంపితే వచ్చే శనివారం ఆవిడతో మాటలే పంపిస్తాను, అవి మీ ముఠా అంతా వింటుంది.

నిజానికి ఇది ఆఫీసు పని. ఏలూరు రోడ్డులో మా ప్రచురణకర్త బడిపిల్లల కోసం ఇంగ్లీషు–తెలుగు నిఘంటువు వేస్తున్నారని మీకు తెలుసు. మీరు వెళ్ళేనాటికి నేను 'బి' అక్షరంలో ఉన్నాను. ఇప్పుడు 'ఐ'కి వచ్చాను. 'ఇన్‌క్లైన్' అనే మాట దగ్గర వారం రోజులుగా ఆగిపోయాను. పాత నిఘంటువుల్లో "వాలు, ఏటవాలు" అని రాసి చేతులు దులుపుకున్నారు. నేనూ దులుపుకుని ఉంటే ఈపాటికి 'జె'లోకి పోయేదాన్ని. నా సంగతి మీకు తెలుసు కదా, చిన్న సందు కనబడితే చాలు, దూరిపోతాను.

దూరితే ఏం తేలిందో చెప్పనా? వాలు నేలకి ఆ మాట పేరుగా కుదిరింది అన్నిటికన్నా ఆఖర్నట, ఆ దేశంలో రైళ్ళు నడవడం మొదలయ్యాక. అంతకు ఎన్నో వందల ఏళ్ళ ముందు నుంచీ ఇంగ్లీషువాళ్ళు దాన్ని తల వంచడానికి వాడారు. మనసు ఒకవైపు మొగ్గడానికి వాడారు. ప్రార్థనలో దేవుణ్ణి చెవి ఒగ్గమని అడగడానికీ అదే మాట. ఇంకా వెనక్కి వెళితే లాటిన్‌లో ఒరగడం. గ్రీకులో దానికి పెద్ద చుట్టరికమే ఉంది. మనిషి ఒరిగే మంచం ఆ ఇంటిదే. మంచం పక్కన కూర్చుని వైద్యం చేస్తారు కాబట్టి క్లినిక్ కూడా ఆ ఇంటిదే. గోడకి ఒరిగే నిచ్చెన, భూమి ఒరుగుదలని బట్టి మారే క్లైమేట్, అందరూ అక్కచెల్లెళ్ళు. ఆ ఆఖరి చెల్లెలు బెజవాడలో ఇప్పుడు నలభై నాలుగు డిగ్రీలు చూపిస్తోంది. మంచినీళ్ళు తాగుతున్నారా?

అందుకని మీకు నా ప్రశ్న. మీరూ మీవాళ్ళూ పనిలో వాలుని ఏమంటారు? డాబా మీద ఏమంటారు, కాలవ గట్టు దగ్గర ఏమంటారు? పుస్తకాల్లో మాటలు నాకు అక్కర్లేదు. చేత్తో తాపీ పట్టుకున్నవాళ్ళ మాటలు కావాలి.

ఇంకో రెండు సంగతులు. వీటిని ఆఖర్న రాయడం నా దొంగబుద్ధి. ఇంటివారు వచ్చారు. జూన్ నెలాఖరుకి మన అద్దె ఒప్పందం అయిపోతోంది. ఉంటారా, ఖాళీ చేస్తారా అని అడిగారు. ఖాళీ చేసేట్టయితే నడవలో మీరు అత్తయ్య కోసం కట్టిన ర్యాంపు పగలగొట్టించి అప్పజెప్పమన్నారు. రెండోది, బందరులో ఒక బడిలో నాకు ఇంగ్లీషు టీచరు ఉద్యోగం ఇస్తామన్నారు. అక్కడే ఉండడానికి గది కూడా ఇస్తారట. జూన్ పన్నెండున చేరాలి. అత్తయ్య పోయింది, ఆ తర్వాత నెలకే మీరు పని ఉందని వెళ్ళారు. పద్నాలుగు నెలలైంది. బెజవాడకీ మైలవరానికీ గంటన్నర బస్సు, మేస్త్రీగారూ. ఇద్దరికి సరిపడే ఇల్లు ఒక్కదాన్ని ఊడ్చుకోవడం నాకు విసుగ్గా ఉంది. మీరు వస్తానంటే బందరు మానేస్తాను.

మీ
రూతు


మైలవరం
మే 15

రూతూ,

ఉత్తరం అందింది. మేము స్లోపు అనే అంటాం. పాత మేస్త్రీలు వాటం అంటారు. నీళ్ళు ఎటు పోవాలో అటు వాటం పెట్టమంటారు. స్నానాల గదికి, డాబాకి, వంటింటి గట్టుకి వాటమే. కాలవ గట్టుకి వాలు. తోపుడు బళ్ళవాళ్ళు ఎక్కేటప్పుడు మెరక అంటారు, దిగేటప్పుడు పల్లం అంటారు, నేల ఒకటే. గోడ ఒక పక్కకి పోతే ఒరిగింది అంటాం. అది వాలు కాదు, తప్పు. నిఘంటువులో ఈ తేడా రాయి.

బందరు ఉద్యోగం మంచిదే. చేరు. నీకు పిల్లలకి చెప్పడం ఇష్టం. ర్యాంపు పగలగొట్టడానికి ఆటోనగర్‌లో హేమసుందర్ అని నమ్మకమైన మనిషి ఉన్నాడు, వాణ్ణి పంపిస్తాను. నా వల్ల కాదు. నేను నేల పని మానేశాను. నీళ్ళు తాగుతున్నాను. నువ్వు ఎండలో ఆఫీసుకి నడిచి పోకు, ఆటో ఎక్కు.

జాన్ పాల్


విజయవాడ, వన్ టౌన్
మే 17

నా జాన్ పాల్‌కి,

మొగుణ్ణి పేరు పెట్టి పిలిస్తే అత్తయ్య కళ్ళెర్రజేసేది. ఇప్పుడు ఎర్రజేసేవాళ్ళు ఎవరూ లేరు. ఒక్కసారి రాసి చూద్దామనిపించింది, రాశాను. బాగుంది.

"బందరు ఉద్యోగం మంచిదే, చేరు" అన్న వాక్యం చదివి నిన్న సాయంత్రం దాకా వంట చేయలేదు. తిట్టి ఉంటే బాగుండేది. పదిహేనేళ్ళ కాపురంలో మీరు నన్ను తిట్టనిది ఎప్పుడు? చెప్పులు అడ్డంగా విడిచానని, పెన్ను మూత పెట్టలేదని, మాట్లాడుతుంటే పుస్తకంలోంచి తల ఎత్తనని. అత్తయ్య పోయాక తిట్లన్నీ ఆగిపోయాయి. మర్యాదగా అయిపోయారు. మర్యాద చేసే మొగుడితో ఎలా ఉండాలో నాకు చేతకాలేదు.

ఒక సంగతి మీకు చెప్పలేదు. ఏడాదిన్నర దాటింది. ఇప్పుడు చెప్తాను, మధ్యలో ఆపకుండా చదవండి.

మీరు ర్యాంపు కట్టిన రోజు గుర్తు చేసుకోండి. అత్తయ్యకి ఎడమవైపు పక్షవాతం వచ్చి, చక్రాల కుర్చీలోకి మారి మూడు నెలలైంది. వీధి చూడకుండా ఇంట్లో మగ్గిపోతున్నానని ఏడిచింది. "అడుగు ఎత్తు దిగాలంటే పన్నెండు అడుగుల పొడవు కావాలి, లేకపోతే కుర్చీ పట్టుకోలేం" అన్నారు మీరు. మన నడవ తిన్నగా అంత పొడవు లేదు. అందుకని సగం దాకా దింపి, మూల దగ్గర కుర్చీ నిలబడేంత చదును కట్టి, అక్కణ్ణించి మలుపు తిప్పి వీధి గేటు దాకా దింపారు. ఆ మూల చదును మాత్రం బల్లపరుపుగా ఉండాలనీ, వెంట్రుకవాసి వాటం ఉన్నా కుర్చీ జారుతుందనీ పదిసార్లు చెప్పారు.

సుబ్బరత్నం భోజనానికి వెళ్ళింది. లెవెలు పైపు రెండో కొస పట్టుకోమని నన్ను పిలిచారు. నీళ్ళు నింపిన ఆ పొడుగాటి పైపు ఒక కొస మీ చేతిలో, ఒక కొస నా చేతిలో. నా దగ్గర గోడ మీద గీత ఉంది. పైపులో నీళ్ళు ఆ గీతకి వచ్చి నిలిచాక నేను చెప్పాలి, అప్పుడు మీరు మీ వైపు గీత గీయాలి. అంతే పని. మీరు "నిలిచాయా?" అన్నారు. సరిగ్గా అప్పుడే ఆఫీసు నుంచి ఫోను, ప్రూఫులు ఎప్పుడిస్తావని. నేను ఫోను చూస్తూ "నిలిచాయి" అన్నాను. చూడలేదండీ. నీళ్ళు ఎక్కడున్నాయో నేను చూడలేదు.

రెండు నెలలకి దసరా. మన సందులోంచి కొండమీద అమ్మవారి గుడికి నడిచి వెళ్ళేవాళ్ళకి అత్తయ్య ఏటా గేటు దగ్గర కుండ పెట్టి మంచినీళ్ళు ఇచ్చేది కదా. గుణదల మేరీమాత తిరునాళ్ళకి వాళ్ళు మనకిస్తారు, దసరాకి మనం వాళ్ళకివ్వాలి అనేది. ఆ ఏడు చేతకాకపోయినా మూల చదును మీద కుర్చీ వేయించుకుని, ఒళ్ళో చెంబు పెట్టుకుని, వెళ్ళేవాళ్ళని చూస్తూ కూర్చుంది. నేను గదిలో ప్రూఫులు దిద్దుతున్నాను. చప్పుడు విని వచ్చేసరికి కుర్చీ గేటు పక్క గోడకి కొట్టుకుని పడి ఉంది. తుంటి ఎముక విరిగింది. రోడ్లన్నీ బారికేడ్లు, ఆటో దొరకలేదు. మీరు పని దగ్గర్నుంచి పరుగెత్తుకొచ్చి ఆవిణ్ణి రెండు చేతుల మీద మోసుకెళ్ళారు.

ఆస్పత్రి వరండాలో మీరు ఫాదర్‌గారితో, మీ బావగారితో అన్న మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది. "నేల వాటం తప్పింది. కుర్చీ దానంతటదే జారింది. తప్పు నాదే." నేను మీ పక్కనే నిలబడి ఉన్నాను. నోరు తెరవలేదు. నాలుగు నెలలు అత్తయ్య మంచంలో ఉంది. వీపు తుడిచాను, జావ పట్టాను, జుట్టు దువ్వాను. ఆవిడ నన్ను ఒక్కనాడూ పిల్లలు లేరన్న మాట అనలేదు. ఆవిడకీ చెప్పలేదు. మీరు తాపీ కడిగి మూల పెట్టేస్తే "మీ తప్పేం లేదండీ" అని ఓదార్చాను. ఎవరి తప్పో తెలిసి ఓదార్చాను.

ఇప్పుడు తెలిసింది కదా. మీ చేతిలో తప్పు లేదు. నా కోసం రానక్కర్లేదు, నేల పని మాత్రం మళ్ళీ ఒప్పుకోండి. మీరు వేసిన గచ్చు మీద చెప్పుల్లేకుండా నడుస్తుంటే నాకు గర్వంగా ఉండేది. ఎవరి ఇంటికి వెళ్ళినా ముందు నేల చూసేదాన్ని, మీ పనో కాదో చెప్పేదాన్ని. మీరు లేక నాకు బాగాలేదు. సున్నం వాసన వేసే మీ చొక్కా ఒకటి ఉతక్కుండా ఉంచుకున్నాను. సిగ్గు విడిచి చెప్తున్నాను, రోజూ బాగాలేదు. కానీ ఇంత పని చేసి మిమ్మల్ని రమ్మని ఎలా అడుగుతాను? బందరు బడికి ఒప్పుకుంటూ ఉత్తరం రాసి కవరులో పెట్టాను. శనివారం మీ జవాబు చూసి పోస్టు చేస్తాను.

రూతు


మైలవరం
మే 22

రూతూ,

బందరు కవరు పోస్టు చేయకు. ముందు ఇది చదువు. నాకు రాయడం అలవాటు లేదు. రెండు రోజులుగా మధ్యాహ్నం అన్నాలప్పుడు ఇటుకల మీద కూర్చుని రాస్తున్నాను. సుబ్బరత్నం అందరినీ దూరంగా కూర్చోబెడుతోంది.

పైపు సంగతి. ఇరవై ఏళ్ళ నుంచి ఈ పని చేస్తున్నాను. ఆ పైపులో నీళ్ళు రెండు కొసల్లోనూ కలిసే ఊగుతాయి, కలిసే నిలుస్తాయి. నీ దగ్గర నిలవకుండా నా దగ్గర నిలవవు. నువ్వు "నిలిచాయి" అన్నప్పుడు నా కొసలో నీళ్ళు ఇంకా ఊగుతున్నాయి. తల ఎత్తి చూస్తే నువ్వు ఫోను చూస్తున్నావు. నవ్వొచ్చింది. ఏమీ అనకుండా ఆగాను. నువ్వు లోపలికి పోయాక సుబ్బరత్నం వచ్చింది, ఆవిడతో మళ్ళీ పట్టించి అప్పుడు గీత గీశాను. కావాలంటే అడుగు. నీ మాట మీద నేను గీత గీస్తానా? చెప్పులు తిన్నగా విడవడం రానిదానివి.

గచ్చు ఆరాక చెంబెడు నీళ్ళు ఆ చదును మధ్యలో పోశాను. పోసినవి పోసినచోటే నిలబడ్డాయి. రెండు నెలలు అమ్మ కుర్చీ బ్రేకు వేయకుండా అక్కడే నిలబడింది. నువ్వే చూశావు. ఆ నేల వాటం తప్పలేదు, రూతూ. ఎప్పుడూ తప్పలేదు. తప్పిందని నేను అబద్ధం చెప్పాను.

ఆపరేషన్ ముందు రోజు సాయంత్రం నువ్వు మందులకి కిందికి వెళ్ళావు. అమ్మ నన్ను దగ్గరికి రమ్మంది. "ఒరే, కుర్చీ జారలేదురా. నేనే తోసుకున్నా" అంది. గేటు దగ్గర ఎర్రబట్టలు కట్టుకున్న ముసలాయన ఒకడు నిలబడి దాహం అడిగాడట. కుండ ఖాళీ. నిన్ను పిలిచిందట. "దానికి వినపళ్ళేదు. ఒళ్ళో చెంబులో కాసిని నీళ్ళున్నాయి కదా అని గేటు వైపు కుడిచేత్తో చక్రం తిప్పా. ఒక చేత్తో తిప్పితే అది తిన్నగా పోద్దా, గోడకేసి లాక్కుపోయింది. ఈ మాట రూతుకి చెప్పమాక. పిలిస్తే వినపళ్ళేదని తెలిస్తే అది బతకదు" అంది. నా చెయ్యి తన నెత్తిమీద పెట్టుకుని ఒట్టు వేయించుకుంది.

మరి అందరూ ఎలా పడిందని అడుగుతుంటే ఏం చెప్పను? నాకు తెలిసిన పని ఒక్కటే, ఆ పని మీదే పెట్టాను. నేల వాటం తప్పిందన్నాను. పదిమందిలో ఆ మాట అన్నవాడు మళ్ళీ ఎవరింట్లోనైనా నేల ఎలా వేస్తాడు? అందుకే మానేశాను. అది పెద్ద కష్టం కాదు. ఇంట్లో ఉండడం కష్టమైంది. "మీ తప్పేం లేదండీ" అని నువ్వు అన్నప్పుడల్లా, నాకు తెలుసులే అని నోటిదాకా వచ్చేది. నీ మీద కోపం కూడా వచ్చేది. చెప్పకూడని కోపం. తిడితే ఆ తిట్టులోంచి అసలు సంగతి బయటపడుతుందేమో అని తిట్టడం మానేశాను. అది నీకు మర్యాదలా కనబడింది.

ఇక్కడ నేను బాగున్నాననుకోకు. ఆదివారం సాయంత్రం సుబ్బరత్నం బస్సు దిగే వేళకి స్టాండు దగ్గర టీ తాగుతూ ఉంటాను. నువ్వు చిక్కావా, లావయ్యావా, ఏ చీర కట్టుకున్నావు అని అడగలేను కదా, "ఊళ్ళో ఏంటి విశేషాలు" అంటాను. ఆవిడ తెలివైనది. నీ సంగతులే చెప్తుంది.

ఇప్పుడు నువ్వు చేయని తప్పు నెత్తిన వేసుకుని బందరు పోతానంటే ఒట్టు నిలబెట్టి నేనేం బావుకుంటాను? అమ్మ ఏమన్నా అనుకోనీ. నీకు వినపడలేదు. దసరా మైకులు, గదిలో ఫ్యాను, ఎవరికి వినపడుతుంది? వినపడకపోవడం తప్పు కాదు. రమ్మంటావో వద్దంటావో నువ్వే రాయి.

జాన్ పాల్


విజయవాడ, వన్ టౌన్
మే 24

ఏమండీ,

వినపడింది.

మైకుల్లోంచి కూడా వినపడింది. "రూతూ, కుండలో నీళ్ళయిపోయినయ్యే" అంది అత్తయ్య. "వస్తున్నా అత్తయ్యా" అన్నాను. పేజీలో ఇంకా నాలుగు లైన్లున్నాయి, అవి దిద్ది లేద్దామనుకున్నాను. మళ్ళీ పిలిచింది. దానికి పలకను కూడా పలకలేదు. ఒకసారి చెప్పాను కదా, ఆగలేదా అని కొంచెం విసుక్కున్నాను కూడా. తర్వాత వినపడింది పిలుపు కాదు.

పైపు సంగతి మీకు రాసినప్పుడు అబద్ధం రాయలేదు. అది నిజంగానే నమ్మాను. నమ్మడానికి అది నాకు వీలుగా ఉంది. పైపు పట్టుకుని పొరపాటు చేయడం ఎవరైనా చేస్తారు. పిలిస్తే విని కూర్చోవడం వేరు. కుర్చీ దానంతటదే జారిందని మీరు అనగానే, ఆ జారడానికి కారణం నేనేనని ఒక తప్పు వెతుక్కుని, దాని వెనక ఈ తప్పు దాచుకున్నాను. నిఘంటువులో ఆ మాట దగ్గర వారం ఆగానని రాశాను కదా. వాలుకి తెలుగు దొరకక కాదు. చెవి ఒగ్గడం అన్న అర్థం రాయబోయి చెయ్యి ఆడలేదు. మిమ్మల్ని మాటలు అడగడం ఒక వంక.

అత్తయ్యకి నేను పలికిన సంగతి తెలియదు కాబోలు, వినపడలేదనుకుని నన్ను కాపాడింది. మీరూ వినపడలేదనుకునే కాపాడారు. మీ ఇద్దరి దయకీ నేను తగను. ఇది తెలిశాక రమ్మని ఏ చేత్తో రాయను? రావద్దనీ రాయలేను. అది అబద్ధమవుతుంది. రోజుకి పదిసార్లు గేటు చప్పుడైతే చూస్తాను. కవరు పోస్టు చేయలేదు, చించలేదు. బల్ల మీద ఉంది. మీరు ఏమంటే అది చేస్తాను.

రూతు


మైలవరం
మే 29

రూతూ,

నాకు తెలుసు.

అమ్మ మొత్తం చెప్పింది. నేను నీకు సగమే రాశాను. "వస్తున్నా అత్తయ్యా అని పలికిందిరా పాపం. మళ్ళీ పిలిచా. ఆ ముసలాయన కొండ ఎక్కే తొందరలో కదిలిపోతున్నాడు. దాహంతో పంపడానికి నాకే మనసొప్పలేదు, నేనే ఆగలేకపోయా. ఎవరన్నా అడిగితే దానికి వినపళ్ళేదని చెప్పు" అంది. ఆమె నేర్పినట్టే నీకు రాశాను. అమ్మకి నీ మీద రవ్వంత కోపం లేదు. ఆ ముసలాయనకి నీళ్ళు అందలేదనే ఆఖరు దాకా బాధపడింది.

నువ్వు లేవలేదని నాకు కోపం లేదు. సిమెంటు కలిపి ఉంటే అమ్మ ఎన్ని పిలుపులు పిలిచినా "ఆగవే" అని నేను ఎన్నిసార్లు అనలేదు? అమ్మ ఏనాడూ ఆగింది లేదు. నా కోపం ఒక్కటే, నువ్వు నాకు చెప్పలేదని. పక్కనే పడుకుని, పక్కనే అన్నం తిని, నా దగ్గర దాచావని. అది నీ నోటితో చెప్తావేమోనని నెలలు చూశాను. చూడలేక వచ్చేశాను. నేనూ దాచాను, నాకు తెలుసని చెప్పలేదు. నువ్వు ఒక అబద్ధం వెనక ఉన్నావు, నేను ఒకదాని వెనక ఉన్నాను. ఇప్పుడు నువ్వు ముందుగా బయటికి వచ్చావు. ధైర్యం నీదే. అప్పుడూ ఇప్పుడూ నీకే ఎక్కువ.

బందరు వాళ్ళకి రానని రాయి. ఇంటివారికి ఉంటామని చెప్పు. హేమసుందర్‌ని రావద్దన్నాను. ఇక్కడ ఒక ఇంటివాళ్ళు నేల వేయమని నెల నుంచీ వెంటపడుతున్నారు, ఒప్పుకున్నాను. రోజూ బస్సులో వచ్చి పోతాను. అలిసిపోయి వస్తాను, తిడతాను. చెప్పులు చూసుకో.

ఈ ఉత్తరం సుబ్బరత్నం చేతికి ఇచ్చి, ఆవిడ ఎక్కే బస్సే నేనూ ఎక్కుతున్నాను. నువ్వు ఇది చదువుతున్నప్పుడు సందు మొదట్లో నిలబడి ఉంటాను. చదవడం పూర్తి కావాలని ఆగాను, నిదానంగా చదువుకో. తర్వాత వీధిలోంచే నీ పేరు పెట్టి పిలుస్తాను. వెంటనే పలకకపోయినా ఏం పరవాలేదు. నువ్వు పలికేదాకా పిలుస్తాను.

నీ
జాన్ పాల్